ఫ్రీబీఎస్‌డీలో గేమ్స్ ఆడబోయే ముందు జాగ్రత్తలు

సెలవుల్లో కంప్యూటర్‌లో ఫ్రీబీఎస్‌డీ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి గేమ్స్ ఆడదామనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

– ఇన్‌స్టాలర్‌లో ఆటో జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్క్‌ని తనే సిద్ధం చేసే ఆప్షన్) ఎంచుకుంటే ఆ డిస్క్ మొత్తం చెరిగిపోతుంది. విండోస్, ఫొటోలు, గేమ్ సేవ్‌లు అన్నీ పోతాయి. బ్యాకప్ తీయండి, వేరే ఎస్‌ఎస్‌డీ ఉంటే మరీ మంచిది.

– వాలరెంట్, ఫోర్ట్‌నైట్ కోసమైతే అసలు మొదలుపెట్టొద్దు. వాటి యాంటీ-చీట్ (ఆటలో మోసాలు పట్టే ప్రోగ్రామ్) ఇక్కడ నడవదు.

– గ్రాఫిక్స్ డ్రైవర్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) వెర్షన్‌కి సరిపోవాలి. తేడా వస్తే నల్ల తెరే దిక్కు. అందుకే ఆటకి ముందురోజు సిస్టమ్ అప్‌గ్రేడ్ జోలికి పోకండి.

– మీ యూజర్‌ని వీడియో గ్రూపులో (గ్రాఫిక్స్ కార్డు వాడే అనుమతి ఉన్న గ్రూపు) చేర్చండి. లేకపోతే బొమ్మలు గీసే భారమంతా సీపీయూ మీద పడి గేమ్ నత్తనడక నడుస్తుంది.

– గేమ్స్ కొని ఆడే స్టీమ్ యాప్‌కి ఇక్కడ సొంత వెర్షన్ లేదు. లైనక్స్ లేయర్‌తోనో (లైనక్స్ ప్రోగ్రామ్‌లు నడిపేది), వైన్‌తోనో (విండోస్ ప్రోగ్రామ్‌లు నడిపేది) తిప్పలు పడాలి. ముందు సూపర్‌టక్స్‌కార్ట్ అనే ఉచిత రేసింగ్ గేమ్ వేసి చూడండి. అదే తడబడితే డ్రైవర్ సంగతి చూడాలి.