బోర్డుకూ లోగోకూ కండెన్స్‌డ్ ఫాంట్ ఎలా వాడాలి?

తిరుపతిలో చాలా బోర్డుల మీద తెలుగు, ఇంగ్లీషుతో పాటు యాత్రికుల కోసం తమిళం కూడా రాస్తారు. షాపు ముందు జాగా మాత్రం అంతే ఉంటుంది. అక్కడ పనికొచ్చేది కండెన్స్‌డ్ సాన్స్ సెరిఫ్, అంటే అంచుల్లో తోకలు లేకుండా, వెడల్పు తగ్గించి గీసిన ఫాంట్. అదే జాగాలో అక్షరాల ఎత్తు పెంచుకోవచ్చు, పేరు దూరానికి కనిపిస్తుంది.

ముందు ఒక అలవాటు మానాలి. పేరు పట్టకపోతే ఫ్లెక్స్ షాపులో మామూలు ఫాంటునే పక్కల నుంచి నొక్కి ఇరికించేస్తుంటారు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతల లావు తగ్గదు. మన అక్షరాలు గుండ్రటివి కాబట్టి ఆ తేడా ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. అసలైన కండెన్స్‌డ్ ఫాంటులో ప్రతి గీత లావునూ, అక్షరం లోపలి ఖాళీనీ ఆ వెడల్పుకు తగ్గట్టు సరిచూసి గీస్తారు.

ఇంగ్లీషుకు ఆస్వాల్డ్, బార్లో కండెన్స్‌డ్ బాగుంటాయి. తెలుగుకు నా ఓటు ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ల అనేక్ తెలుగుకే. దాని వెడల్పు 75 నుంచి 125 శాతం దాకా మార్చుకోవచ్చు. అదే కుటుంబంలో అనేక్ తమిళ్, అనేక్ లాటిన్ కూడా ఉన్నాయి, కాబట్టి మూడు లిపులూ ఒకే చేతిరాతలా కుదురుతాయి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు.

డౌన్‌లోడ్ చేశాక షాపు పేరుతో పాటు ‘శ్రీకాళహస్తి’, ‘చిత్తూరు’ లాంటి మాటలు టైప్ చేసి చూడండి. గుడులు, వత్తులు ఒకదానికొకటి తగులుతుంటే వరుసల మధ్య ఖాళీ పెంచాలి. ఇంగ్లీషుకు సరిపోయే ఖాళీ తెలుగుకు చాలదు. పాత ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి.

లావు విషయంలో తొందర పడొద్దు. మరీ బోల్డ్ పెడితే థలో చుక్క, ధ కింది గీత పూడుకుపోయి ద లాగే కనిపిస్తాయి. డిజైన్‌ను ఫోన్‌లో బొటనవేలంత చేసి చూస్తే ఇది వెంటనే తెలిసిపోతుంది.

వెడల్పు తగ్గిన కండెన్స్‌డ్ అక్షరాలు పేరుకూ, పెద్ద శీర్షికలకే. చిత్తూరు వైపు మామిడి గుజ్జు డబ్బా లేబుల్ చేస్తున్నారనుకోండి, ‘తోతాపురి’ అన్న మాట కండెన్స్‌డ్‌లో నిటారుగా, దర్జాగా నిలుస్తుంది. వెనక ఉండే పదార్థాల జాబితా, తయారీ తేదీ మాత్రం అదే కుటుంబంలోని మామూలు వెడల్పులో ఉండాలి. పెద్దవాళ్లు కళ్లు చికిలించుకుని చదవాల్సి వస్తే అది మంచి డిజైన్ కాదు. విజిటింగ్ కార్డుకూ, బిల్లు పుస్తకానికీ ఇదే జోడీ వాడండి.

ప్రింటుకు ఇచ్చేముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా మార్చండి. లేకపోతే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో వేరే అక్షరాలు వచ్చేస్తాయి. కర్వ్స్‌గా మార్చాక మళ్లీ టైప్ చేసి దిద్దలేం, కాబట్టి మార్చని ఫైలు ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి, రేపు ఫోన్ నంబరు మారితే అదే కావాలి.