రూపాయి బిళ్లలతో బ్యాచ్ పాఠం

పని ఎక్కడ పేరుకుపోతుందో టీముకి చూపించాలంటే నేను రూపాయి బిళ్లలు 20 పట్టుకెళ్తాను. నలుగురిని బల్ల దగ్గర వరసగా కూర్చోబెట్టండి. మొదటివారు ఒక్కో బిళ్లనీ ఎడంచేత్తో తిరగేయాలి. 20 అయ్యాకే పక్కవారికి జరపాలి. మిగతావారూ అంతే. ఫోన్‌లో టైమర్ పెట్టి రెండు సమయాలు రాసుకోండి: మొదటి బిళ్ల నాలుగో మనిషిని దాటింది ఎప్పుడు, ఆఖరిది ఎప్పుడు. తర్వాత బ్యాచ్ (ఒకేసారి జరిపే కుప్ప) తగ్గించి 5 చొప్పున, ఆపైన ఒక్కొక్కటిగా జరపమనండి. ఒక్కో మనిషి వేగం పెరగదు, కాస్త తగ్గుతుంది కూడా. అయినా మొత్తం పని చాలా ముందే ముగుస్తుంది. అందరూ తెల్లబోయేది అక్కడే.

మేనేజరుగారికి టైమర్ అప్పగించండి. ఆయన పక్కన ఆడితే మిగతావాళ్లకి చెయ్యాడదు!

వెంటనే, టీ తాగుతూ అడగండి: "మన దగ్గర ఇలా కుప్పపడేది ఏది?" మావాళ్లు టెస్టింగ్ అన్నారు. జవాబు మాత్రం మీరు అందించకండి.