వైరస్ జన్యువులు చదవడం, 4వ పాఠం: ఏ జన్యువు? ఏ కణంలో?

పోయిన పాఠం చదివి మిర్యాలగూడ నుంచి ఒక డిగ్రీ అమ్మాయి అడిగింది: "సార్, హెచ్‌ఐవీలోని వీపీఆర్ జన్యువు తీసేసినా టీ కణాల్లో (ఒక రకం తెల్ల రక్తకణాల్లో) వైరస్ బాగానే పెరిగిందన్నారు. మరి వైరస్ దాన్ని ఎందుకు మోస్తున్నట్టు?" ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను.

మన దగ్గర పత్తి పెట్టే రైతు విత్తనం పేరు వినగానే సంచి కొనడు. చెలకలోనా, రేగడిలోనా అని అడుగుతాడు. మీరూ అలాగే అడగాలి. వీపీఆర్ లేని వైరస్‌ను మాక్రోఫేజ్‌లలో (సూక్ష్మజీవులను మింగేసే రక్షణ కణాల్లో) పెంచి చూస్తే పెరుగుదల పడిపోతుంది. టీ కణాల ఫలితం ఒక్కటే చూస్తే ఆ జన్యువు దండగ అనిపిస్తుంది.

హెచ్‌ఐవీ-1లో 9 జన్యువులున్నాయి. విఫ్, వీపీఆర్, వీపీయూ, నెఫ్ అనే నాలుగింటి అవసరం కణాన్ని బట్టి మారుతుంది. ఇవాళ విఫ్ పట్టుకుందాం, నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ.

నోట్‌బుక్‌లో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు సప్‌టీ1, కుడివైపు హెచ్9 అని రాయండి. రెండూ టీ కణాల రకాలే. విఫ్ తీసేసిన వైరస్ సప్‌టీ1లో పెరుగుతుంది, హెచ్9లో పెరగదు. ఎందుకంటే హెచ్9లో అపోబెక్3జీ అనే ప్రోటీన్ ఉంది. దాన్ని నాశనం చేయించడమే విఫ్ పని. 2002లో ఈ ప్రోటీన్ బయటపడేదాకా ఈ తేడా అంతుపట్టలేదు.

ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు. హెచ్9లో విఫ్ లేని వైరస్ రేణువులు తయారవుతాయి, బయటికీ వస్తాయి. కాకపోతే అపోబెక్3జీ వాటిలోకి ఎక్కి కూర్చుంటుంది. వైరస్ తర్వాతి కణంలో దిగి ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకునేటప్పుడు అక్షరాలు చెడగొడుతుంది. చివరికి జీ (G) అక్షరం ఉండాల్సిన చోట ఏ (A) అక్షరం పడుతుంది. టీజీజీ (TGG) అని రాసి నడిమి జీ కొట్టేసి ఏ పెట్టండి. టీఏజీ (TAG), అంటే 'ఇక్కడ ఆపు' అనే సంకేతం. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం రావాల్సిన చోట ప్రోటీన్ తయారీ ఆగిపోతుంది. అందుకే వైరస్ ఏ కణంలోకి వెళ్లిందన్నదే కాదు, ఏ కణంలో తయారై వచ్చిందో కూడా పరిశోధన పత్రంలోని గ్రాఫ్ కింద వెతకండి.

అభ్యాసం: డెండ్రిటిక్ కణాల్లో (ఇవీ రక్షణ కణాలే) శామ్‌హెచ్‌డీ1 అనే ప్రోటీన్ డీఎన్‌ఏకు కావాల్సిన ముడిసరుకును విరగ్గొడుతుంది. హెచ్‌ఐవీలో రెండో రకమైన హెచ్‌ఐవీ-2లోని వీపీఎక్స్ అనే ప్రోటీన్ శామ్‌హెచ్‌డీ1ను తొలగిస్తుంది. హెచ్‌ఐవీ-1కు వీపీఎక్స్ లేదు. ఆ కణాలకు బయటి నుంచి డీఆక్సీన్యూక్లియోసైడ్లు (కణం ఆ ముడిసరుకు తయారు చేసుకునే పదార్థాలు) కలిపితే హెచ్‌ఐవీ-1కు ఏమవుతుంది? కారణంతో రెండు వాక్యాలు రాసి ఉంచండి. 5వ పాఠం మీ జవాబుతోనే మొదలుపెడదాం.