దసరా నుంచి క్రిస్మస్ దాకా ఇంటి బడి: కడపలో మేం నడిపే తీరు

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునే తల్లులకు జూన్, జులై నెలలు సులువుగా గడిచిపోతాయి. పుస్తకాలు కొత్తవి, ఉత్సాహం కొత్తది. దసరా వచ్చేసరికి మొదలవుతుంది అసలు సంగతి. వీధిలో పిల్లలందరికీ సెలవులు. పల్లెలో శనక్కాయ కట్టె పీకే పని. చర్చిలో కోతపండుగ. దీపావళి వెనకాలే వానలు, దగ్గులు, జ్వరాలు. నవంబరు సగానికల్లా క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. ఈ మూడు నెలలూ గోడకు టైంటేబుల్ అంటించి గంటగంటకూ సబ్జెక్టు మారుస్తామంటే అయ్యే పని కాదు. దీపావళికల్లా తల్లీ పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూడలేని స్థితికి వస్తారు.

మా ఇంట్లో పన్నెండేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి, ఐదేళ్ల చిన్నోడు. మా ఆయనకు మందుల షాపు. ఈ మూడు నెలలకు మేం పెట్టుకున్న పద్ధతి ఒకటే: మూడు పనులు పొద్దున పదిలోపల అయిపోవాలి, మిగతాదంతా ఇంట్లో, ఊళ్లో, పొలంలో ఏది జరుగుతుంటే దాంట్లోంచే చదువు.

ఆ మూడు పనులు

ప్రార్థన, లెక్కలు, తెలుగు. అంతే. ఇంగ్లీషు, సైన్సు, సోషలు ఈ లెక్కలో లేవు. అవి మధ్యాహ్నం వీలైతే చేస్తాం, లేకపోతే జనవరిలో చూసుకుంటాం.

ప్రార్థన మా ఆయన షాపుకు పోకముందే. అక్టోబరులో బైబిలులోని రూతు గ్రంథం చదువుతాం. నాలుగే అధ్యాయాలు కాబట్టి వారానికి ఒకటి చొప్పున నెలకు సరిపోతుంది. రోజూ మూడు నాలుగు వచనాలు చాలు. చదివాక ప్రశ్నలు వేయకండి. చిన్నోడిని కథ చెప్పమనండి. వాడు తప్పు చెబితే పెద్దవాళ్లు దిద్దుతారు, ముగ్గురికీ గుర్తుండిపోతుంది.

లెక్కలకు స్టేట్ సిలబస్ పుస్తకాలే వాడతాం. ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉండే పుస్తకాలు ఇంటి చదువుకు చాలా అనుకూలం. పిల్లకు ఇంగ్లీషు మాట అర్థం కాకపోతే మనల్ని పిలవదు, పక్క పేజీ చూసుకుంటుంది. పెద్దమ్మాయికి నలభై నిమిషాలు, అబ్బాయికి అరగంట. చిన్నోడికి ఇరవై నిమిషాలు దాటితే జరిగేది చదువు కాదు, పోరు.

తెలుగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన క్రైస్తవ ఇళ్లల్లో ఇంటి బడి అనగానే బయటి దేశాల ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించుకోవడం, తెలుగును పనివాళ్లతో మాట్లాడే భాషగా వదిలేయడం ఎక్కువైంది. నాకు అది నచ్చదు. మన బైబిలు తెలుగు పాతకాలపు తెలుగు. గట్టిగా చదివే అలవాటు లేని పిల్లలు దాని దగ్గర తడబడతారు. అందుకని రోజూ ఒక పేజీ బైబిలు, వారానికి ఒక వేమన పద్యం. "వేమన పద్యాలు మనకెందుకు?" అని అడిగే వాళ్లకు నేను బ్రౌన్ దొర పేరు చెప్తా. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు, తండ్రి చర్చి ఫాదరు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. వేమన పద్యాలు వెతికించి, పోగుచేసి 1829లో అచ్చేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. నవంబరులో ఒక పొద్దున పిల్లలను అక్కడికి తీసుకుపోండి. తాళపత్రం అంటే ఏమిటో నోటితో చెప్పడం కన్నా చూపించడం మేలు.

చుట్టాలొచ్చినా, వాన పడినా, ఇంట్లో ఒకరికి జ్వరమొచ్చినా ఈ మూడూ అయితే ఆ రోజు బడి జరిగినట్టే. మిగిలిన దాని గురించి టెన్షన్ పెట్టుకోకండి.

దసరా రోజులు

వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే మన పిల్లలను భిన్నాల దగ్గర కూర్చోబెడితే భిన్నాలూ రావు, వాళ్ల మనసూ మన దగ్గర ఉండదు. సెలవులు ఇచ్చేయండి. మూడు పనుల్లో ప్రార్థన ఒక్కటి ఉంచి మిగతా రెండూ ఆపేస్తాం.

పక్కింటి అక్క బొమ్మల కొలువు చూడ్డానికి రమ్మంటుంది, ఎదురింటి నుంచి ఓళిగలు వస్తాయి. ఏది తీసుకోవాలి, ఏది వద్దనాలి అనేది ప్రతి కుటుంబం తన మనస్సాక్షిని బట్టి నిర్ణయించుకునేది. కానీ ఆ నిర్ణయం పండగకు ముందే జరగాలి, పిల్లలకు ముందే తెలియాలి. గుమ్మం దగ్గర గిన్నె పట్టుకుని ఒకరు నిలబడి ఉంటే పిల్లల ముందు చర్చ పెట్టకూడదు. మా ఇంట్లో వంటలు సంతోషంగా తీసుకుంటాం. ప్రసాదమని చెప్పి ఇస్తే "వద్దక్కా, ఏమనుకోవద్దు" అని నవ్వుతూ చెప్తాం. ఆ అక్క ఏమీ అనుకోదు. క్రిస్మస్‌కు మేం పంపే కేకు ఆమె పిల్లలే ముందు ఖాళీ చేస్తారు.

ఈ రోజుల్లోనే "పాపది ఏ స్కూలు?" అని ఊరి నుంచి వచ్చిన చుట్టాలు అడుగుతారు. "ఇంట్లోనే చదువుతోంది, పదో తరగతి ఓపెన్ స్కూల్‌లో రాస్తుంది" అని ఒక్క మాటలో చెప్పి కాఫీ తెస్తానని లేవండి. వాళ్లకు కావాల్సింది సమాధానం, ఉపన్యాసం కాదు.

శనక్కాయ చేను

మా అత్తగారి ఊరు చక్రాయపేట వైపు. కట్టె పీకే రోజులకు మేం పోతాం. మీకు సొంత పొలం లేకపోయినా తెలిసినవాళ్ల చేనికి ఒక రోజు పోయి రండి. సైన్సు, లెక్కలు, బైబిలు మూడూ ఒకే చోట దొరుకుతాయి.

ముందు ఒక చెట్టు జాగ్రత్తగా పెరికి పిల్లల చేతికివ్వండి. పూత భూమి పైన పూస్తుంది, తర్వాత ఊడ కిందికి దిగి మట్టిలో కాయ కడుతుంది. ఊడలు ఇంకా చెట్టుకే ఉంటాయి కాబట్టి చూపించడం సులువు. వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. ముదిరిన చెట్లకు బుడిపెలు ఎండిపోయి ఉంటాయి, అక్కడక్కడా పచ్చిగా ఉన్న చెట్టు వెతికి ఒక బుడిపె కోసి చూడండి. లోపల ఎరుపు ఉంటే పని చేస్తున్నట్టు. కాయ ఒలిచి పెంకు లోపలివైపు చూడమనండి, అక్కడ నల్లబడితే కాయ ముదిరినట్టు. ఇది మా మామ పిల్లలకు చెప్పిన పాఠం, పుస్తకం తెరవకుండా.

లెక్క: పది చెట్ల కాయలు లెక్కపెట్టి సగటు తీయడం అబ్బాయి పని. బాగా ఎండిన కాయ కిలో తూచి, ఒలిచి, విత్తనాలు మళ్లీ తూచి శాతం కట్టడం అమ్మాయి పని. మంచి కాయైతే 700 గ్రాముల అటూ ఇటూ వస్తుంది. కదిరి-6 అనే రకం పేరు వింటే పిల్లలకు హుషారు, ఎందుకంటే కదిరి వాళ్లకు తెలిసిన ఊరు. ఒలిచేటప్పుడు బూజు పట్టిన గింజలు కనబడితే పారేయించండి. ఆ బూజు వదిలే విషం కాలేయానికి చెరుపు, వేయించినా పూర్తిగా పోదు.

ఇక రూతు. కట్టె పీకాక మట్టిలో మిగిలిన కాయల కోసం ఊళ్లో ఆడవాళ్లు వస్తారు. చేనును పూర్తిగా ఊడ్చుకోవద్దు, పేదలకూ పరదేశులకూ వదలమని లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. బోయజు అనే ఆసామి చేలో రూతు పరిగె ఏరుకున్నది ఆ ఆజ్ఞ వల్లే. పిల్లల జేజినాయన, అంటే మా మామ, ఎప్పుడూ ఎవరినీ వెళ్లగొట్టడు. పిల్లలు కూడా కూర్చుని ఏరుతారు గానీ ఏరినవి ఇంటికి తేరు, పక్కనున్న అవ్వ గంపలో వేస్తారు. ఇది మీరు ముందే చెప్పి ఉంచండి. లేకపోతే సరదాకొచ్చిన పిల్లలు అవసరానికొచ్చిన వాళ్లతో పోటీ పడతారు.

ఇంటికి తెచ్చిన పచ్చికాయలను మట్టి పోయేదాకా మూడు నాలుగు నీళ్లలో కడిగి, రాళ్లుప్పు వేసి కుక్కర్లో ఉడకబెట్టండి. ఆ సాయంత్రానికి వేరే వంట అక్కర్లేదు, పొద్దున జొన్నరొట్టె మిగిలుంటే సరే.

దారిలో సీతాఫలాలు అమ్ముతుంటారు. కళ్ల మధ్య గీతలు తెల్లబారినవి తీసుకుంటే ఒకటి రెండు రోజుల్లో పండుతాయి. గింజలను మాత్రం చిన్నపిల్లలు రాయితో కొట్టి ఆడకుండా చూడండి. ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

కోతపండుగ

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిల్లో పెరిగిన వాళ్లకు ఇది తెలిసిందే. ఆరాధనకు పండినవి, పెంచినవి, వండినవి తెస్తారు, ఆ తర్వాత వేలం. మన పిల్లల చేతికి బజారులో కొన్న గుమ్మడికాయ ఇచ్చి పంపడం నాకిష్టం లేదు. చర్చిలో తేదీ చెప్పగానే వెనక్కి నాలుగు వారాలు లెక్కేసి మెంతులు వేయించండి. రాత్రి నానబెట్టి, పాత టబ్బుకు అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టి, పేడ ఎరువు కలిపి చల్లితే నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి, నెల లోపల కట్ట కట్టేంత కూర వస్తుంది. గట్టి వాన వస్తే టబ్బును వసారాలోకి లాగాలి. ఆ బాధ్యత పిల్లలదే, మీరు లాగకండి. ఎండిపోతే ఎండిపోనీ.

వేలంలో అమ్మాయి రెండు గడుల కాగితం పట్టుకుని కూర్చుంటుంది. ఒక గడిలో బజారు ధర, ఇంకో గడిలో వేలం ధర. నాటుకోడి, సొరకాయ, కోడిగుడ్లు, నిమ్మకాయలు. ఇంటికొచ్చాక తేడాలు కడుతుంది. అబ్బాయి మాత్రం "ఆ సొరకాయకు అంత డబ్బా, ఆ అంకుల్‌కు పిచ్చా?" అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు నేను చెప్పను, ఆ అంకుల్‌నే అడగమంటాను.

వానలొచ్చాక

మన సీమకు అక్టోబరు రెండో సగం నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు. గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి మిద్దె మీద పెట్టండి. పొద్దున స్కేలుతో నీళ్ల లోతు కొలిచి రాయాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఇరవై మిల్లీమీటర్లు పడితే రెండు వేల లీటర్లు. ఇది పిల్లలు కట్టాక "మరి ఆ నీళ్లన్నీ కాలవలోకి ఎందుకు పోనిస్తున్నాం?" అని వాళ్లే అడుగుతారు, వాళ్ల నాన్నకు ఖర్చు మొదలవుతుంది.

మా కడప వాగు బుగ్గవంక పారుతుంటే చూడ్డానికి జనం పోతారు. పిల్లలతో పోకండి.

ఎండ కాసిన రోజు మిద్దె మీద మీటరు కట్టె నిటారుగా నిలబెట్టి మధ్యాహ్నం పన్నెండు చుట్టుపక్కల నీడ కొలవండి. సెప్టెంబరు 23 ప్రాంతంలో కడపలో అతి చిన్న నీడ 26 సెంటీమీటర్లు ఉంటుంది, డిసెంబరు 22కి 78 దాకా పెరుగుతుంది. వారానికోసారి గ్రాఫ్ కాగితం మీద చుక్క పెడితే చాలు, ఎండ ఎందుకు తగ్గిందో మీరు చెప్పనక్కర్లేదు.

శనివారం మాకు నీళ్లు పారబోసే రోజు. కూలర్, పూలకుండీల కింద ప్లేట్లు, మిద్దె మీద పడేసిన టైరు. డెంగీ దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి ఖాళీ చేస్తే సరిపోతుంది. దీన్ని సైన్సు కింద రాసుకోండి.

కాగితాల సంగతి

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి చెప్తుంది, ఇంటి చదువును అందులో విడిగా ప్రస్తావించలేదు. అందుకని రుజువులు దాచుకోవడం మన పని. నెలకో అట్టపెట్టె అక్కర్లేదు, ఒక ఫైలు చాలు: లెక్కల నోట్సులోంచి కొన్ని పేజీలు, వాన పట్టిక, నీడ గ్రాఫు, వేలం కాగితం, తేదీలతో. బడికి పోని పిల్లలకు పరీక్షలు పెట్టే జాతీయ ఓపెన్ స్కూల్ వాళ్ల ఓపెన్ బేసిక్ విద్యలో ఎ, బి, సి అని మూడు స్థాయిలున్నాయి, అవి 3, 5, 8 తరగతులకు సమానం. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు పెడతారు. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ కూడా ఉంది. పిల్లకు పన్నెండేళ్లు వచ్చేటప్పటికే ఏది రాయించాలో మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి.

నవంబరు చివర

క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారం నుంచి ఆగమన కాలం మొదలు. పాటల ప్రాక్టీసు సాయంత్రాలు తినేస్తుంది, మరుసటి పొద్దున పిల్లలు లేవరు. అప్పుడు పది గంటల గడువును పదకొండుకు జరపండి గానీ మూడు పనులను రెండు చేయకండి. నిప్పట్లకు, కజ్జికాయలకు పిండి కొలతలు అమ్మాయి చేత రెట్టింపు చేయించండి, భిన్నాలు అక్కడ తప్పితే నూనెలో తెలుస్తుంది. గులాబీ పువ్వుల అచ్చును మాత్రం ముందురోజు రాత్రే నూనెలో నానబెట్టి ఉంచండి, లేకపోతే మొదటి నాలుగూ అచ్చుకే అతుక్కుంటాయి.