లాఠీచార్జి వార్తను ఎలా చదవాలి?

చాలా ఏళ్ల కిందట నేను ఒక పత్రిక జిల్లా డెస్కులో సబ్‌ఎడిటర్‌గా చేసేవాణ్ని. ఒక రాత్రి ఎడిషన్ టైమ్ ముంచుకొస్తుంటే మండలం నుంచి ధర్నా వార్త వచ్చింది. ‘లాఠీచార్జి చేశారు’ అని విలేకరి రాస్తే, నేను దాని ముందు ‘స్వల్ప’ అని చేర్చాను. ఎవరూ చేర్చమనలేదు. ‘ఘన సన్మానం’లో ఘన పడినట్టు, చేతి అలవాటుగా పడిపోయింది. రెండు రోజుల తర్వాత మోచేతికి కట్టుతో ఒకాయన ఆఫీసుకొచ్చాడు. ఆ రోజు పేపరు లాయరు తెమ్మన్నాడట. అక్కడే నిలబడి వార్త చదువుకుని, “స్వల్ప అంటే ఏంది సార్?” అని అడిగాడు. వెటకారంగా కాదు, తెలియకే అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

అప్పటి నుంచి ఇలాంటి వార్తలు చదివే పద్ధతి మార్చుకున్నాను. అది మీకూ పనికొస్తుంది. జర్నలిజం చదవక్కర్లేదు, చేతిలో పెన్సిలుంటే చాలు.

1. క్రియ దగ్గర ఆగండి, కర్త ఎక్కడున్నాడో వెతకండి

తెలుగులో కర్త లేకపోయినా వాక్యం హాయిగా నడిచిపోతుంది. ‘కాల్పులు జరిగాయి’, ‘ఉద్రిక్తత చోటుచేసుకుంది’, ‘ఇద్దరు మృతి చెందారు’. ‘జల్లులు కురిశాయి’ అన్నంత సహజంగా ఉంటాయి. పెన్సిలుతో ఆ క్రియ కింద గీత గీసి పక్కన రాయండి: ఎవరు కాల్చారు? ఎవరు కాల్చమన్నారు? వార్త మొత్తం చదివినా జవాబు దొరక్కపోతే, మీ దగ్గరున్నది సగం వార్తే.

అదే వార్తలో ఆందోళనకారులకు మాత్రం క్రియలు పుష్కలం. వాళ్లు ‘రాళ్లు రువ్వారు’, ‘దూసుకెళ్లారు’, ‘బారికేడ్లు తోసేశారు’. పోలీసుల వంతు వచ్చేసరికి భాష మెత్తబడుతుంది. ‘చెదరగొట్టారు’, ‘లాఠీలు ఝుళిపించారు’, ‘లాఠీలకు పని చెప్పారు’. ఝుళిపించడమంటే గాల్లో ఆడించడం. గాల్లో ఆడిన కర్రకు తల ఎలా పగిలిందో వార్తలో ఉండదు.

‘అదుపులోకి తీసుకున్నారు’ అనే మాట దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎవరినైనా అరెస్టు చేస్తే, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణ చెబుతోంది. ‘అదుపులో’ అన్నప్పుడు ఆ గడియారం మన కళ్లకు కనపడకుండా పోతుంది. సోమవారం ‘అదుపులో’ అని రాసి, గురువారం ‘అరెస్టు చూపారు’ అని రాస్తే మధ్యలో మూడు రోజులు ఆ మనిషి ఎక్కడున్నట్టు? ‘హౌస్ అరెస్టు’ కూడా అంతే. నాయకుడి ఇంటి గేటు ముందు జీపు నిలబడి ఉన్న ఫొటో వేస్తారు. ఏ సెక్షన్ కింద, ఎవరి ఉత్తర్వుతో అని రాసిన వార్త నాకైతే అరుదుగా కనిపించింది.

2. ‘డంతో’ ఎక్కడుందో చూడండి

‘కార్యకర్తలు ఒక్కసారిగా దూసుకురావడంతో పోలీసులు లాఠీచార్జి చేయాల్సి వచ్చింది.’ ఈ వాక్యంలో తీర్పు అంతా ‘డంతో’లో ఉంది. తప్పు ఎవరిదో అదే తేల్చేసింది. ‘చేయాల్సి వచ్చింది’ దానికి సంతకం పెట్టింది. రాసిన విలేకరి చాలాసార్లు గొడవ అయ్యాకే అక్కడికి చేరి ఉంటాడు. ఏది ముందో, ఏది వెనకో అతనికి ఎవరో చెప్పాలి.

చట్టంలో మాత్రం వరుస స్పష్టంగా ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 148వ సెక్షన్ ప్రకారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ, స్టేషన్ అధికారి గానీ ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలి. వినకపోతేనో, చెదిరేది లేదన్నట్టు ప్రవర్తిస్తేనో బలప్రయోగం. పాత సీఆర్‌పీసీలో ఇది 129వ సెక్షన్. కాబట్టి వార్తలో ఇవి వెతకండి: మైకులో హెచ్చరించారా? ఆదేశం ఇచ్చిన అధికారి ఎవరు? వెళ్లిపోవడానికి ఎంత టైమిచ్చారు, దారి వదిలారా? లాఠీ నడుం కిందే తగలాలని పోలీసు శిక్షణలోనే చెబుతారు. అందుకే గాయం ఎక్కడ తగిలిందన్నది చిన్న విషయం కాదు. తలకు కుట్లు పడినవాళ్లు పదిమంది ఉంటే ఆ ఒక్క ముక్క చాలా చెబుతుంది.

పోలీసులకూ దెబ్బలు తగులుతాయి. పొద్దున ఆరింటి నుంచి బందోబస్తులో నిలబడి, మధ్యాహ్నం పులిహోర పొట్లం తిని, సాయంత్రం రాయి దెబ్బ తిన్న కానిస్టేబుల్ గురించి కూడా వివరం అడగాల్సిందే. ఎంతమంది, ఏ ఆస్పత్రి, ఎలాంటి గాయం అని. ‘పలువురు పోలీసులకు గాయాలు’ అంటే సరిపోదు, ‘స్వల్ప లాఠీచార్జి’ అంటే సరిపోనట్టే.

3. ఈ మాట ఎవరు చెప్పారు?

2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాడు. ఆ ఊరి పోలీసులు ఇచ్చిన మొదటి ప్రకటన శీర్షికను తెలుగులో చెప్పుకుంటే ఇంచుమించు ఇలా ఉంటుంది: పోలీసులతో వ్యవహారం నడుస్తుండగా ఆరోగ్య సమస్యతో వ్యక్తి మృతి. అతను ప్రతిఘటించాడని, బేడీలు వేశాక అస్వస్థతకు గురైనట్టు కనిపించాడని, ఆయుధాలేవీ వాడలేదని అందులో రాశారు. ఒక పోలీసు అధికారి అతని మెడ మీద మోకాలు పెట్టి నొక్కిన సంగతి మాత్రం లేదు. రోడ్డు పక్కన నిలబడ్డ పదిహేడేళ్ల అమ్మాయి ఫోన్లో వీడియో తీయకపోయి ఉంటే, లోకానికి మిగిలేది ఆ ప్రకటనే. ఆ మోకాలు మెడ మీద ఉన్నది మొదట 8 నిమిషాల 46 సెకన్లు అనుకున్నారు, కోర్టులో 9 నిమిషాల 29 సెకన్లని తేలింది. 2021 ఏప్రిల్‌లో ఆ పోలీసు అధికారి హత్యా నేరం కింద దోషి అయ్యాడు. ఆ అమ్మాయికి అదే ఏడాది అమెరికా పత్రికారంగ పురస్కారమైన పులిట్జర్ ప్రత్యేక గుర్తింపు దక్కింది.

మన దగ్గర ఆ ప్రకటనకు సమానమైంది ఎస్ఐ గారి వాట్సాప్ మెసేజ్. మండల విలేకరికి రోజూ కావాల్సిన యాక్సిడెంటు, దొంగతనం, పేకాట వార్తలన్నీ ఆ స్టేషన్ నుంచే రావాలి. రేపు మళ్లీ అదే గుమ్మం ఎక్కాలి. చాలామందికి జీతం ఉండదు, లైన్ల లెక్కన డబ్బులొస్తాయి. అతన్ని తప్పుపట్టడం తేలిక. పాఠకుడిగా మనం చేయాల్సింది వేరే: వార్తలోని ఒక్కో విషయం పక్కన అది ఎవరి మాటో రాసుకోవడం. పోలీసులు, ప్రత్యక్ష సాక్షి, ఆస్పత్రి, విలేకరి సొంత కన్ను. అన్నీ పోలీసుల ఖాతాలోకే వెళ్తే అది వార్త కాదు, ప్రకటన.

‘విచారణలో నేరం అంగీకరించాడు’ అనేది ఇంకో ప్రమాదకరమైన వాక్యం. పోలీసుల దగ్గర చేసిన ఒప్పుకోలు కోర్టులో నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదు. ఇప్పటి సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ ఆ మాట ఉంది, 1872 నాటి పాత చట్టంలోనూ ఉంది. స్టేషన్లో మాట ఎలా రాబడతారో అప్పటి తెల్లదొరలకే తెలుసు మరి. మనం మాత్రం నల్ల ముసుగులేసి ప్రెస్‌మీట్లో నిలబెట్టిన మనుషుల్ని చూసి కేసు అయిపోయిందనుకుంటాం.

4. సెక్షన్ నంబరు చూసి తగ్గకండి

‘సెక్షన్ 30 అమల్లో ఉన్నందున ర్యాలీకి అనుమతి లేదు.’ ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాక్యం చదవని వాళ్లుండరు. అది 1861 నాటి పోలీసు చట్టంలోది. 1857 సిపాయిల తిరుగుబాటు జరిగిన నాలుగేళ్లకు వచ్చింది. సభలు, ఊరేగింపులను క్రమబద్ధం చేసే అధికారం ఇస్తుంది. క్రమబద్ధం చేయడమూ, మొత్తానికి వద్దనడమూ ఒకటి కాదు. ఆయుధాల్లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు 19వ అధికరణలోనే ఉంది. 144 సెక్షన్ (ఇప్పుడు 163) ఉత్తర్వులను పదేపదే వేసుకుంటూ పోవడం అధికార దుర్వినియోగమని సుప్రీంకోర్టు 2020 జనవరిలో, కశ్మీర్ ఆంక్షల మీద వచ్చిన అనురాధా భసీన్ కేసులో చెప్పింది. అందుకే ఉత్తర్వు ఏ తేదీది, ఎన్నాళ్లకు, ఏ కారణంతో అని వార్తలో వెతకండి.

5. అసలు వాళ్లు ఏమడిగారు?

దెబ్బలు, రక్తం, అద్దాలు పగలడం అంతా చదివేశాక పేపరు మూసి, వాళ్ల డిమాండ్ ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పి చూడండి. చాలాసార్లు చెప్పలేం.

2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. పెంచిన కరెంటు చార్జీలు తగ్గించమని అసెంబ్లీకి బయల్దేరిన జనం మీద ఆ కాల్పులు. నాలుగేళ్ల తర్వాత ముఖ్యమంత్రిగా వైఎస్ రాజశేఖరరెడ్డి పెట్టిన తొలి సంతకం రైతులకు ఉచిత విద్యుత్ ఫైలు మీద. కాల్పుల రోజును శాంతిభద్రతల సమస్యగా మాత్రమే చదివినవాళ్లకు ఈ రెండూ కలవవు.

సోంపేట సంగతి ఇంకా స్పష్టం. శ్రీకాకుళం జిల్లాలో థర్మల్ కేంద్రానికి ఇచ్చిన భూమి బీడు కాదు, బీల అని, అంటే ఏడాదంతా తడి ఆరని చిత్తడి నేల, అందులోనే మా చేపలూ సాగూ ఉన్నాయని జనం మొత్తుకున్నారు. 2010 జులై 14న కాల్పుల్లో ఇద్దరు పోయారు. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ‘అభివృద్ధికి అడ్డు’ అని అప్పటిదాకా అనిపించుకున్నవాళ్లు చెప్పిందే నిజమైంది.

6. దెబ్బ తిన్నవాడి చరిత్ర ఎందుకు చెబుతున్నారు?

రెండో రోజు వార్తల్లో ఒక మలుపు వస్తుంది. చనిపోయినవాడి మీద పాత కేసులున్నాయట, తాగుడు అలవాటట. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మరణం ఊరంతటినీ రోడ్డెక్కించాయి. ఆమె నడత మంచిది కాదనే ప్రచారం వెంటనే మొదలైంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చినా, తర్వాత కోర్టులో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. పాత కేసులున్నవాణ్ని కొట్టి చంపొచ్చని ఏ చట్టంలో ఉందో, అలాంటి వార్త రాసినవాళ్లు చెప్పాలి.

ఇక్కడ మనల్ని మనం కూడా చదువుకోవాలి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ కేసు నిందితులు నలుగుర్ని పోలీసులు కాల్చి చంపిన ఉదయం, పూలు చల్లింది జనమే, మిఠాయిలు పంచింది జనమే. ఛానెళ్లు పండగలా చూపించాయి. మా ఇంట్లోనూ టీవీ ముందు చప్పట్లు వినిపించాయి, నేను నోరెత్తలేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో వెల్లడైన నివేదికలో, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా అంది. పది మంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని సిఫార్సు చేసింది. తర్వాత అది హైకోర్టు వాదనల్లో పడింది. నివేదిక వచ్చిన రోజు ఎన్ని గంటలు చూపించారో, ఆ ఉదయం ఎన్ని గంటలు చూపించారో మీరే గుర్తు చేసుకోండి.

7. రెండో పేపరు, పాత వీడియో

ఏ పేపరు ఏ పార్టీదో మన దగ్గర చిన్నపిల్లలకూ తెలుసు. దాన్ని వాడుకోండి. ఒకే ధర్నా మీద రెండు పేపర్లు పక్కపక్కన పరవండి. రెండింట్లోనూ ఉన్న విషయం దాదాపు జరిగిందనుకోవచ్చు. ఒకదాంట్లో రైతులైనవాళ్లు ఇంకోదాంట్లో ‘పెయిడ్ ఆర్టిస్టులు’ అవుతారు. ప్రభుత్వం మారగానే ఆ మాటలు పేపర్లు మార్చుకుంటాయి.

వాట్సాప్‌లో వచ్చిన లాఠీచార్జి వీడియో అయితే ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క నిమిషం ఆపి చూడండి. దుకాణాల బోర్డులు ఏ భాషలో ఉన్నాయి, జనం ఏ యాసలో అరుస్తున్నారు, పోలీసుల టోపీలు ఎలా ఉన్నాయి. కర్ణాటక కానిస్టేబుల్ టోపీ దూరం నుంచే తెలిసిపోయేది. ‘టీజీ’ నంబరు బండి కనిపిస్తే అది 2024 మార్చికి ముందు తీసింది కాదు, అప్పటిదాకా ‘టీఎస్’. మేలో తీశామన్న వీడియోలో అందరూ స్వెట్టర్లు వేసుకుని ఉంటే ఇంక చెప్పేదేముంది.

8. మీరే అక్కడుంటే

దూరంగా, దారికి అడ్డం లేకుండా నిలబడి ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని తీయండి. ముందు చుట్టుపక్కల బోర్డు, గుడి, సెంటర్ పేరు ఏదైనా ఒకటి పడేలా చూసి, తర్వాత మనుషుల మీదికి వెళ్లండి. మధ్యలో ఆపి ఆపి తీస్తే ఏది ముందో మళ్లీ తగువే. వ్యాఖ్యానం వద్దు. మీ గొంతు లేకపోతే అక్కడి మాటలు వినిపిస్తాయి.

దెబ్బ తగిలినవాళ్లుంటే ప్రైవేటు క్లినిక్‌లో కట్టు కట్టించుకుని ఇంటికి పోనివ్వకండి. ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్లి, మెడికో లీగల్ కేసుగా రాయించి, గాయాల సర్టిఫికెట్ అడగాలి. ‘కిందపడ్డాడు’ అని రాస్తుంటే అక్కడే అభ్యంతరం చెప్పండి, తర్వాత దిద్దడం కష్టం.

ఆ రాత్రి వీడియో అందరికీ పంపాలనిపిస్తుంది. పంపినా, ఫోన్లో ఉన్న అసలు ఫైలు మాత్రం చెరపకండి, కత్తిరించకండి, పాట కలపకండి. వాట్సాప్‌లో వెళ్లిన కాపీ కుదించుకుపోతుంది, తీసిన తేదీ, సమయం వివరాలు పోతాయి. కోర్టుకు వెళ్లాల్సి వస్తే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఏ ఫోనుతో తీశారో, ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) ఎంతో రాయాలి. ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. అంతదాకా ఆ ఫోను అమ్మేయకుండా పక్కన పెట్టుకోండి.