రాత్రి అడుగుజాడలు, 4వ పాఠం: రింగ్‌టెయిల్ ఐదో వేలు

పోయిన పాఠంలో దుమ్ము పరిచి, రాత్రిపూట తిరిగే చిన్న అమెరికా జంతువు రింగ్‌టెయిల్ జాడ పట్టమంటే చాలామంది ‘పిల్లి’ అని తేల్చారు. ఇంకొందరు పిల్లి జాడకే రింగ్‌టెయిల్ అని పేరు పెట్టారు. రెండు తప్పులకీ మూలం ఒక్కటే: వేళ్లు లెక్కపెట్టమని చెప్పి, ఎలా లెక్కపెట్టాలో నేను చెప్పలేదు. అందుకే ఇవాళ్టి మలం గుర్తుల పాఠాన్ని వచ్చేసారికి జరుపుతున్నాను.

జంతువు సంగతి మీకు తెలిసిందే. రాకూన్ (కళ్ల చుట్టూ నల్ల ముసుగులాంటి పట్టీ ఉన్న అమెరికా జంతువు) కుటుంబం, బరువు కిలో అటూ ఇటూ, ఒళ్లంత పొడవు తోక, దాని మీద నలుపు తెలుపు పట్టీలు. 1986 నుంచి అరిజోనా రాష్ట్ర జంతువు. గని కార్మికులు ఎలుకల కోసం దీన్ని మచ్చిక చేసుకుని ‘మైనర్స్ క్యాట్’ అన్నారు. పిల్లి అన్న భ్రమకి ఆ పేరే సగం కారణం. తోక పట్టీలు చూసి మన పునుగుపిల్లికి చుట్టమనుకోకండి, ఆ కుటుంబమే వేరు.

ఇక అసలు చిక్కు. సైజు చూసి తేల్చలేం. పిల్లి ముద్రా, రింగ్‌టెయిల్ ముద్రా దాదాపు అంగుళం, అంగుళంన్నరే. గోళ్లు చూసీ తేల్చలేం. రింగ్‌టెయిల్ గోళ్లు సగం లోపలికి ముడుచుకుంటాయి, చాలాసార్లు ముద్రలో పడవు. మిగిలింది వేళ్ల లెక్కే. పిల్లి ముద్రలో నాలుగు, రింగ్‌టెయిల్‌కి ముందూ వెనకా ఐదేసి. కానీ ఆ ఐదోది, మన బొటనవేలి చోట ఉండేది, చిన్నది. మిగతా వాటికన్నా వెనక్కి దిగి ఉంటుంది. కిలో జంతువు బరువులో దాని వాటా ఎంత? తాకీ తాకనట్టు ఒక చుక్క పడుతుంది, అంతే. ముతక ఇసుకలో ఆ చుక్క నిలవదు. దుమ్ము మందంగా ఉంటే అంచు విరిగి దాన్ని పూడ్చేస్తుంది. టార్చి నెత్తి మీంచి వేస్తే నీడ పడదు కాబట్టి ఉన్న చుక్క కూడా కనబడదు.

పొడి మట్టిని పిండి జల్లెడతో జల్లించి, గట్టి నేల మీద 3, 4 మిల్లీమీటర్లకు మించకుండా పరవండి. చెక్క అంచుతో ఒక్కసారి లాగి చదును చేయండి. మీ బొటనవేలు మెల్లగా ఆనించి ఎత్తి చూడండి. వేలిముద్ర గీతలు కనబడితే మట్టి సరిపోయింది, ఉత్త గుంట పడితే మళ్లీ జల్లించాలి. చూసేటప్పుడు టార్చిని నేలకి ఆనించి, ముద్రకి అడుగు దూరంలో పెట్టి, చుట్టూ ఒకసారి తిప్పండి. ఎడమ పాదమో కుడి పాదమో తెలియకపోతే ఐదో చుక్క కోసం రెండు పక్కలా వెతకండి.

ఒక్క ముద్ర చూసి తీర్పు చెప్పొద్దు. పిల్లి వెనక పాదాన్ని ముందు పాదం ముద్రలోనే వేస్తుంది. కాస్త పక్కకి జరిగితే లేని ఐదో వేలు పుట్టుకొస్తుంది. నిజమైన ఐదో చుక్క ప్రతి ముద్రలోనూ ఒకే చోట ఉంటుంది, దొంగ చుక్క చోటు మారుతుంది. మూడు ముద్రల్లో ఒకే చోట కనబడితే అది పిల్లి కాదని నేను తేల్చేస్తాను.

ఐదు వేళ్లుండే మిగతావాటితో ఇంత తంటా లేదు. రాకూన్‌ది పెద్దది, పసివాడి అరచెయ్యిలా పొడుగు వేళ్లు. స్కంక్ (కంపు ద్రవం చిమ్మే అమెరికా జంతువు) ముందు కాళ్ల గోళ్ల గుర్తులు వేళ్లకి దూరంగా, స్పష్టంగా పడతాయి.

రాతి వాలు మీద దుమ్ము ఉంటే ఇంకో మెలిక. రింగ్‌టెయిల్ వెనక పాదాలు 180 డిగ్రీలు తిరుగుతాయి, తలకిందులుగా దిగడం అలాగే సాధ్యం. నిట్టనిలువుగా దిగుతున్నప్పుడు ముందు వేళ్లు కిందికీ, వెనక వేళ్లు పైకీ చూస్తాయి. ఎటు పోయిందో ముందు పాదాలనే అడగండి.

అభ్యాసం: ముందు ఇంటి పిల్లిని దుమ్ము మీద నడిపించి, వరసగా ఇరవై ముద్రలు అసలు సైజులో గీయండి. దొంగ చుక్కలున్నవాటికి సున్నా చుట్టండి. ఆ తర్వాతే మీ స్థలంలో, కొండరాళ్ల అడుగున, మూడు రాత్రులు మూడు చోట్ల దుమ్ము పరవండి. ఎర పెట్టకండి, రాకూన్లూ బూడిద నక్కలూ వచ్చి అంతా తొక్కేస్తాయి. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లకి తోటల్లో తిరిగే మానుపిల్లి చాలు, దాని ముద్రలోనూ ఐదు వేళ్లు పడతాయి. పక్కన మలం కనబడితే ముట్టుకోకుండా ఫొటో తీసి ఉంచండి. రాకూన్‌దైతే అందులో మనుషులకి సోకే ఏలికపాము గుడ్లు ఉండొచ్చు. ఆ ఫొటోలు వచ్చే పాఠంలో కావాలి.