పాత కారు కరెంటు పని – 5వ పాఠం: ఊగే పెట్రోలు ముల్లు, గీకని ఎర్త్

ఈ వారం టెంపరేచర్ మీటరు మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠం చేసి చూసినవాళ్లలో చాలామంది ఇబ్బంది పడ్డారు. అది తేల్చకుండా ముందుకు పోలేను.

అప్పుడు చెప్పిన పరీక్ష ఇది. పెట్రోలు ఎంతుందో మీటరుకు చెప్పే సెండర్ ట్యాంకు మీద ఉంటుంది. దాని వైరు ఊడదీసి ఎర్త్ ఇస్తే, అంటే బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉండే బాడీ ఇనుముకు తాకిస్తే, కార్బురేటర్ కాలం మారుతి 800 లాంటి బండిలో ముల్లు ఫుల్ వైపు పోవాలి. చిత్తూరులో ఒకాయనకు ముల్లు కదల్లేదు. మీటరు పోయిందనుకుని కొత్తది కొన్నారు. అదీ కదల్లేదు. ఆయన పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. వైరు కొస చుట్టింది పెయింటు పూసిన బోల్టుకు! పెయింటులోంచి కరెంటు పోదు. ‘బాడీకి తాకించండి’ అని రాసి వదిలేయడం నా పొరపాటు. ఇనుము తళతళా మెరిసేదాకా గీకి, అక్కడ తాకించాలి.

ఇంకొందరు రెండు సెకన్లకే వైరు తీసేశారు. ఈ మీటర్లలో ముల్లును జరిపేది వేడికి వంగే రేకు. దానికి టైము పడుతుంది. 20 సెకన్లు ఆగండి, ఫుల్‌కు చేరగానే తాళం ఆఫ్ చేసేయండి. పక్కనే పెట్రోలు ఆవిరి ఉంటుంది కాబట్టి ముందు వైరు బిగించి, ఆ తర్వాతే తాళం ఆన్ చెయ్యాలి. కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బండ్లలో ట్యాంకులోని పంపు కరెంటు కూడా చాలావరకు అదే ప్లగ్గులో వస్తుంది. తప్పు వైరుకు ఎర్త్ ఇస్తే ఫ్యూజు పోతుంది, వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. మల్టీమీటరును బీప్ మీద (వైరు తెగలేదంటే కుయ్‌మనే పరీక్ష) పెట్టి, ‘కుయ్‌మంది సార్, ఎర్త్ బాగుంది’ అంటారు. బావి తాడులో ఒక్క పోగు మిగిలినా ఖాళీ చెంబును పైకి తెస్తుంది. నిండు బిందె కడితేనే దాని సంగతి తెలిసేది. బీప్ పరీక్షలో పారే కరెంటు ఖాళీ చెంబంత. అందుకే ఎర్త్‌ను బరువు మీద, అంటే దానిలో కరెంటు గట్టిగా పారుతున్నప్పుడు చూడాలి. మల్టీమీటరు డీసీ వోల్టుల్లో, దాని నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర వైరు సెండర్ ఇనుప ఒంటికి. తాళం ఆన్, లైట్లు ఆన్, ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. 0.1 వోల్టు లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటిందా, దొంగ దొరికినట్టే.

నా సొంత బండిలోనే జరిగింది. పగలంతా ముల్లు సగంలో ఉండేది, చీకటి పడి లైట్లు వేస్తే పావుకు దిగేది. అలిపిరి దగ్గర సిగ్నల్లో బ్రేకు తొక్కి నిలబడితే ఇంకాస్త కిందికి. వెనక లైట్లకూ సెండర్‌కూ ఎర్త్ ఒక్కటే. డెంటింగ్ చేసినవాళ్లు ఆ ఎర్త్ ట్యాగు (వైరు కొసన బోల్టుకు బిగించే రేకు) మీదే పెయింటు కొట్టేశారు. ఎమరీ పేపరుతో గీకి, బిగించి, పైన కాస్త వాజలిన్ రాశాను. నేనైతే ఏ పాత బండి చేతికొచ్చినా ముందు ఈ పనే చేస్తాను, ముల్లు బాగున్నా సరే.

పెట్రోలు, టెంపరేచర్ ముళ్లు రెండూ కలిసి తప్పు చూపిస్తే సెండర్లను వదిలేసి డ్యాష్‌బోర్డు వెనక చూడండి. రెండూ కలిసి పైకి పోతే మీటర్లకు వోల్టేజి తగ్గించి ఇచ్చే స్టెబిలైజర్ మీద, దాని ఎర్త్ మీద నాకు ముందు అనుమానం. అయితే టెంపరేచర్ ముల్లు ఎక్కినప్పుడు ‘మీటరుదే తప్పులే’ అని బండి నడపకండి. ఆపి, ఇంజను చల్లారాక రేడియేటర్ నీళ్లు చూడండి.

తిరుమల ఘాట్ మలుపుల్లో పెట్రోలు ముల్లు కొద్దిగా ఊగడం తప్పు కాదు. ట్యాంకులో పెట్రోలు పక్కకు ఒరుగుతుంది, అంతే.

వచ్చే పాఠంలోపు చేయాల్సింది: ఇంజను, బ్యాటరీ, డ్యాష్‌బోర్డు, సెండర్, వెనక లైట్లు, ఈ ఐదు ఎర్త్‌లనూ లైట్లు ఆర్పి ఒకసారి, వేసి ఒకసారి, బ్రేకు తొక్కి ఒకసారి కొలవండి. మొత్తం 15 అంకెలు. ఏది 0.1 దాటితే దాన్ని గీకి, మళ్లీ కొలిచి, పాత అంకె పక్కనే కొత్తది రాయండి. టెంపరేచర్ మీటరు విప్పేటప్పుడు ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.